హెచ్ఐవీ, సుఖవ్యాధుల రిస్క్ జరిగిందని భయంగా ఉందా? ముందు తేదీ రాసిపెట్టుకోండి, తర్వాత ఈ పనులు వరసగా చేయండి

ముందు ఒక కాగితం తీసుకుని తేదీ, టైమ్ రాయండి. కండోమ్ లేకుండా కలిసిన రోజు, లేదా కండోమ్ చిరిగిన రోజు, లేదా ఎవరికో వాడిన సూది మీకు గుచ్చుకున్న రోజు, మీ విషయంలో ఏది జరిగితే అది. ఇంట్లో ఎవరైనా చూస్తారని భయమైతే గోడ మీద క్యాలెండర్లో ఆ తేదీ దగ్గర పెన్నుతో చిన్న చుక్క పెట్టండి, పాలవాడి లెక్క అనుకుంటారు. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఆ చుక్క నుంచే లెక్క.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్ఐవీ కౌన్సిలర్‌గా చాలా ఏళ్లు కూర్చున్నాను. నా దగ్గరికొచ్చినవాళ్లలో చాలామంది రావాల్సిన రోజుకి రాలేదు, మూడో రోజు లోపు రావాల్సినవాళ్లు పదో రోజు వచ్చారు, పదో రోజు టెస్ట్ చేయించుకుని నెగెటివ్ అని ఊపిరి పీల్చుకున్నవాళ్లు మూడో నెల రమ్మంటే మళ్లీ కనపడలేదు. మధ్యలో వాళ్లు ఏం చేశారంటే రాత్రంతా ఫోన్లో లక్షణాలు వెతుక్కున్నారు, మెడ కింద గడ్డలు తడుముకున్నారు, మెడికల్ షాపులో రెండు ట్యాబ్లెట్లు అడిగి మింగారు. అందుకే ఇది రాస్తున్నా.

72 గంటలు దాటకపోతే

ఇది చదువుతున్నప్పటికి ఇంకా మూడు రోజులు కాలేదంటే మిగతాది తర్వాత చదవండి, ముందు బయల్దేరండి. హెచ్ఐవీ ఒంట్లో పాతుకోకముందే ఆపే మందులున్నాయి, వాటిని పెప్ అంటారు, రిస్క్ జరిగిన 72 గంటల లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత పని చేస్తుంది, మొదటి రెండు గంటల్లో అయితే ఇంకా మంచిది. మొత్తం 28 రోజులు రోజూ వేసుకోవాలి, మధ్యలో ఒళ్లు తేలిగ్గా ఉందని మానేస్తే లాభం లేదు. ఎక్కడికెళ్లాలంటే మీ జిల్లా పెద్దాసుపత్రికి, పగలైతే అక్కడ హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి, రాత్రి అయితే క్యాజువాలిటీకి. పండగ సెలవనో ఆదివారమనో సోమవారం దాకా ఆగొద్దు. క్యాజువాలిటీలో ఉన్న డాక్టర్‌కి సూటిగా చెప్పండి, "ఇన్ని గంటల కింద రిస్క్ జరిగింది, పెప్ కావాలి" అని, ఆ ఒక్క మాట చాలు. ఎవరితో, ఎందుకు అని కథంతా చెప్పక్కర్లేదు, కానీ అవతలి మనిషికి హెచ్ఐవీ ఉన్నట్టు మీకు తెలిస్తే, వాళ్లు మందులు వాడుతున్నారో లేదో తెలిస్తే, అది మాత్రం చెప్పండి, మందు ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి డాక్టర్‌కి అది పనికొస్తుంది.

సూది గుచ్చుకుంటే (నర్సమ్మలకి, ల్యాబ్ వాళ్లకి, ఆసుపత్రి చెత్త ఎత్తేవాళ్లకి ఇది ఎక్కువ జరుగుతుంది) కుళాయి కింద సబ్బుతో కడగండి, అంతే. వేలు నొక్కి నొక్కి రక్తం తీయొద్దు, స్పిరిట్ పోసి రుద్దొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. కడిగేసి అక్కడే పైవాళ్లకి చెప్పి రిజిస్టర్లో రాయించండి. పారిశుద్ధ్య పని చేసే అక్కలు చాలామంది చెప్తే పని పోతుందేమోనని దాచుకుంటారు, దాచొద్దమ్మా, పెప్ మీకు హక్కుగా రావాల్సిన మందు.

బలవంతం జరిగిన ఆడపిల్ల విషయంలో ఇంకో మాట గట్టిగా చెప్పాలి. కేసు పెట్టాకే వైద్యం అని ఎవరన్నా అంటే నమ్మొద్దు. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటు ఆసుపత్రైనా వెంటనే, ఉచితంగా వైద్యం చేయాలని చట్టంలోనే ఉంది. పెప్, గర్భం రాకుండా ట్యాబ్లెట్, సుఖవ్యాధుల మందులు, అన్నీ ఒకేసారి అడగండి. స్నానం చేయకుండా, వీలైతే బట్టలు మార్చుకోకుండా తీసుకెళ్తే సాక్ష్యం మిగులుతుంది, కానీ స్నానం చేసేసినా సరే తీసుకెళ్లండి, బిడ్డ ఆరోగ్యం ముందు.

72 గంటలు దాటిపోయిందా? అయిపోయిందని కుంగిపోకండి. ఒక్కసారి రిస్క్ జరిగితే హెచ్ఐవీ వచ్చి తీరుతుందని ఏం లేదు, రానివాళ్లే ఎక్కువ. కాకపోతే ఇక మందు టైమ్ పోయింది, టెస్ట్ టైమ్ కోసం చూడాలి, ఈలోపు హెచ్ఐవీ కాకుండా మిగతావి కూడా ఉన్నాయి కదా, వాటి సంగతి చూద్దాం.

మొదటి కొన్ని వారాలు: సెగ, సవాయి

చుక్క పెట్టిన రోజు నుంచి సుమారు రెండు రోజుల నుంచి రెండు వారాల లోపు ఒంటికి పోసేటప్పుడు మంట, చీములాంటిది కారడం కనిపిస్తే అది గనేరియా అయ్యే అవకాశం ఎక్కువ, పెద్దవాళ్లు సెగ అనేది దాన్నే. ఇక్కడో తిరకాసు ఉంది, మగవాళ్లకి తెలిసిపోతుంది కానీ ఆడవాళ్లలో చాలామందికి ఏమీ తెలీదు. క్లమీడియా అని ఇంకో సుఖవ్యాధి ఉంది, అది ఇంకా నిశ్శబ్దం, ఏళ్ల తర్వాత పిల్లలు పుట్టట్లేదని డాక్టర్ దగ్గరికెళ్తే ట్యూబులు మూసుకుపోయాయని అప్పుడు బయటపడుతుంది, అప్పటికి మాట పడేది ఆ అమ్మాయే. అందుకే మగాడికి సెగ వస్తే మందు ఇద్దరికీ. భర్త ఒక్కడే వాడి బాగుపడి మళ్లీ భార్య నుంచే అంటించుకుని మళ్లీ రావడం నేను ఎన్నిసార్లు చూశానో. ఇద్దరూ మందు పూర్తి చేశాక ఒక వారం కలవకుండా ఉండాలి.

ఆడవాళ్లకి నెలసరి మధ్యలో కొంచెం తెల్లబట్ట అవడం మామూలే, దానికి కంగారుపడి ఏవేవో మందులు వాడొద్దు. వాసన, దురద, పెరుగు విరిగినట్టు తెల్లగానో పచ్చగానో అవడం, పొత్తికడుపులో నొప్పి, ఇవి ఉంటే చూపించుకోవాలి.

సవాయి అంటే సిఫిలిస్. దీనితో మోసపోయేది ఎక్కడంటే, పుండు వస్తుంది కానీ నొప్పి ఉండదు. సుమారు మూడు వారాలకి వస్తుంది, కొందరికి పది రోజులకే, కొందరికి మూడు నెలలు పట్టొచ్చు. మందు వేయకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది, మానిపోయింది కదా అని మనిషి మర్చిపోతాడు, అది లోపలికి పోయి కూర్చుంటుంది. తర్వాత ఒళ్లంతా, ముఖ్యంగా అరిచేతుల్లో అరికాళ్లలో దద్దులు, అవీ పోతాయి, ఆ తర్వాత ఏళ్లకి గుండెకో మెదడుకో తగులుతుంది. ఇంత చేసే రోగానికి మొదట్లోనే పట్టుకుంటే పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్కసారి చేయించుకుంటే చాలు. కాబట్టి నొప్పి లేని పుండునే ఎక్కువ అనుమానించండి. నీటి బొబ్బల్లా గుంపుగా వచ్చి చిట్లి బాగా మంటపెడుతుంటే అది హెర్పిస్ కావచ్చు, పూర్తిగా పోదు, కానీ మందుతో తగ్గుతుంది, అదుపులో ఉంటుంది.

ఎక్కడ చూపించుకోవాలి? జిల్లా ఆసుపత్రులు, ఏరియా ఆసుపత్రుల్లో సుఖవ్యాధుల క్లినిక్ ఉంటుంది, సురక్ష క్లినిక్ అని బోర్డు ఉంటుంది చాలాచోట్ల. అక్కడ రోగాన్ని బట్టి రంగు రంగుల కిట్లలో మందులు ఉచితంగా ఇస్తారు, చీము కారేవాళ్లకిచ్చే కిట్ బూడిద రంగులో ఉంటుంది, డాక్టర్ ముందే మింగించేస్తారు చాలాసార్లు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్, మెడికల్ షాపులో మూడు రోజుల సిప్రో, ఇలా చేస్తే చీము ఆగినట్టుంటుంది గానీ రోగం పోదు, గనేరియా ఆ పాత మందుకి ఎప్పుడో లొంగడం మానేసింది.

బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద "ఫలానా తేదీ ఫలానా లాడ్జిలో, సుఖవ్యాధులకు గ్యారంటీ వైద్యం" అని పోస్టర్లు చూస్తుంటాం కదా. సుఖవ్యాధులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఎయిడ్స్ పోగొట్టే మందు అని ఏ మందు మీదా రాయకూడదని ఔషధ నియమాల్లో షెడ్యూల్ జె అని ఉంది. అలాంటివాళ్ల దగ్గర పొలం తాకట్టు పెట్టి మరీ డబ్బు పోసి, అసలు మందులు మానేసి, ఎముకల గూడు అయ్యాక మా దగ్గరికి తీసుకొచ్చిన మనుషుల్ని నేను మర్చిపోలేను.

టెస్ట్ ఎప్పుడు, ఎలా

ఇప్పుడు మళ్లీ కాగితం తీయండి. చుక్క పెట్టిన తేదీకి మూడు నెలలు కలిపి ఇంకో తేదీ రాయండి. అదే అసలు టెస్ట్ రోజు. వైరస్ ఒంట్లోకి వచ్చినా టెస్ట్‌కి దొరకడానికి కొంత టైమ్ పడుతుంది, దాన్నే విండో పీరియడ్ అంటాం. ల్యాబుల్లో చేసే ఫోర్త్ జనరేషన్ టెస్ట్ అయితే 45 రోజులకి చెప్పేస్తుంది, ప్రభుత్వ సెంటర్లలో వేలి రక్తంతోనో చేతి రక్తంతోనో చేసే ర్యాపిడ్ టెస్ట్‌కి మాత్రం 90 రోజుల దాకా లెక్క. అయితే మూడు నెలలు అయ్యేదాకా రావొద్దని కాదు, ఇప్పుడొకటి చేయించండి (పాత రిస్క్ ఏమైనా ఉంటే తెలుస్తుంది), మూడు నెలలకి ఇంకోటి. పెప్ వాడినవాళ్లు మాత్రం కౌన్సిలర్ రాసిచ్చిన తేదీలే పాటించండి. ఈ మధ్యలో ఎవరితో కలిసినా కండోమ్, రక్తదానం అసలు వద్దు. ఫ్రీగా టెస్ట్ అయిపోతుంది కదా అని బ్లడ్ క్యాంప్‌కి వెళ్లేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. బ్లడ్ బ్యాంకులో ప్రతి బాటిల్‌కీ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా చూస్తారు గానీ మీరు విండో పీరియడ్‌లో ఉంటే ఆ టెస్ట్‌కీ చిక్కకుండా ఏ తలసేమియా బిడ్డకో ఎక్కే ప్రమాదం ఉంది.

హెచ్ఐవీ టెస్ట్ చేసే ప్రభుత్వ సెంటర్‌ని ఐసీటీసీ అంటారు. పెద్దాసుపత్రుల్లో, చాలా సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో (సీహెచ్‌సీ) ఉంటుంది. డబ్బులు కట్టక్కర్లేదు, డాక్టర్ చీటీ కూడా అక్కర్లేదు, నేరుగా వెళ్లి కౌన్సిలర్‌తో మాట్లాడొచ్చు. ఎక్కడుందో తెలీకపోతే 1097కి ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. ఓపీ కౌంటర్ దగ్గర జనం మధ్యలో అడగడానికి సిగ్గయితే "కౌన్సిలర్ గారి రూమ్ ఎక్కడండీ" అనండి, అర్థం చేసుకుంటారు. లోపల ముందు మీతో మాట్లాడతారు, మీరు ఒప్పుకున్నాకే రక్తం తీస్తారు. మొదటి కిట్‌లో పాజిటివ్ అని వస్తే అక్కడితో ఆపరు, వేరే వేరే రకాల కిట్లతో మొత్తం మూడు టెస్టులు చేసి అన్నీ ఒకటే చెప్తేనే పాజిటివ్ అని ఇస్తారు. కాబట్టి బయట ల్యాబ్‌లో ఒక్క కిట్‌తో ఇచ్చిన కాగితం పట్టుకుని చావు ఆలోచనలు చేయొద్దు, ముందు ఐసీటీసీకి రండి. హెచ్ఐవీతో పాటే సిఫిలిస్ టెస్ట్, హెపటైటిస్ బి టెస్ట్ కూడా అడగండి.

గల్ఫ్ వెళ్లే అన్నలకి ఒక మాట. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది వెళ్తారు, మెడికల్‌లో హెచ్ఐవీ వస్తే అన్‌ఫిట్ అనేసి ఆపేస్తారు, అక్కడికెళ్లాక బయటపడితే తిప్పి పంపించేస్తారు. కొందరికి కారణం కూడా సరిగ్గా చెప్పరు. అన్‌ఫిట్ అన్న కాగితం వస్తే ఏజెంట్‌తో గొడవ తర్వాత పెట్టుకోండి, ముందు ఐసీటీసీకి వెళ్లి అదేంటో తేల్చుకోండి, భార్యతో కలవకముందే.

పాజిటివ్ వస్తే

ఆ రోజు ఎవరితోనైనా బండి మీద ఇంటికెళ్లండి, ఒక్కరే డ్రైవ్ చేయొద్దు. మర్నాడు లేదా ఆ వారంలోనే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లండి. పాతకాలంలో సీడీ4 (ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే కణాల లెక్క) తగ్గేదాకా ఆగి మందు ఇచ్చేవాళ్లు, 2017 నుంచి ఆ పద్ధతి పోయింది, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందు మొదలుపెడతారు. మన దేశంలో ఈ మందులు 2004 నుంచి ఉచితం. ఇప్పుడు ఎక్కువమందికి రోజుకి ఒకే ట్యాబ్లెట్, మూడు మందులు కలిపింది. రాత్రి దగ్గుతున్నా, చెమటలు పడుతున్నా, బరువు తగ్గుతున్నా టీబీ టెస్ట్ తప్పక చేయించండి, మన దగ్గర హెచ్ఐవీ ఉన్నవాళ్లని ఎక్కువ చంపుతున్నది టీబీనే.

మందు రోజూ ఒకే టైమ్‌కి. ఉపవాసం ఉన్నా, పెళ్లికెళ్లినా, వలస పనికెళ్లినా. పనికోసం వేరే ఊరు పోతుంటే ముందే సెంటర్లో చెప్తే అక్కడి సెంటర్‌కి ట్రాన్స్‌ఫర్ రాసిస్తారు. ఆరు నెలలకి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూస్తారు, అందులో వైరస్ దొరకనంతగా తగ్గిపోయి అలాగే ఉంటే, మందు మానకుండా వాడుతున్నంతకాలం కలయిక ద్వారా మీ నుంచి ఇంకొకరికి అంటదు. ఇది నేను ధైర్యం కోసం చెప్తున్న మాట కాదండి, ఎంతోమంది జంటల్ని ఏళ్లతరబడి గమనించి తేల్చిన సంగతి. ఈ ఒక్క ముక్క మన ఊళ్లలో అందరికీ తెలిస్తే సగం బాధలు తీరతాయి. పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా అని ప్రచారం కోసం ఊరూరా గోడల మీద రాసిన రోజులు నాకు గుర్తే, ఆ పేరు అందరికీ ఎక్కింది, కానీ దాంతోపాటు ఎయిడ్స్ అంటే చావే అన్న భయం కూడా మిగిలింది, మందుల మాట అంతగా చేరలేదు. 2021 లెక్కల్లో దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో హెచ్ఐవీ 0.21 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47 శాతం. అంటే మన వీధిలోనే, మన బంధువుల్లోనే ఉంటారు, మందు వాడుతూ మామూలుగా పనిచేసుకుంటూ.

ఒకే కంచంలో తిన్నా, దోమ కుట్టినా, ఎత్తుకుని ముద్దు పెట్టినా రాదు. అందుకని ఆ మనిషికి వేరే గ్లాసు పెట్టే ఇళ్లలో ఆ గ్లాసు ఈరోజే తీసేయండి.

హక్కుల గురించి కూడా తెలుసుకోండి. 2017లో చేసిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. మీ అనుమతి లేకుండా టెస్ట్ చేయకూడదు, మీ రిపోర్టు ఇంకొకరికి చెప్పకూడదు, ఈ కారణంగా ఉద్యోగంలోంచి తీయకూడదు, ఇల్లు అద్దెకివ్వం అనకూడదు, పిల్లల్ని బడిలో చేర్చుకోం అనకూడదు. అదే చట్టం మీ మీద కూడా ఒక బాధ్యత పెట్టింది, ఇంకొకరికి అంటకుండా జాగ్రత్తపడాలి అని. భార్యకో భర్తకో చెప్పడం కష్టమే, ఇంట్లో చెప్తే గొడవ అవుతుందనుకుంటే వాళ్లని సెంటర్‌కి తీసుకురండి, కౌన్సిలర్ ముందు చెప్పొచ్చు. చెప్తే కొడతారు, గెంటేస్తారు అన్న భయం ఉన్న ఆడవాళ్లు ముందే కౌన్సిలర్‌కి ఆ సంగతి చెప్పండి, మీకు తెలియకుండా ఎవరూ అతనికి చేరవేయరు.

మళ్లీ చుక్క పెట్టాల్సిన పని రాకుండా

కండోమ్ గురించి అందరికీ తెలుసు అనుకుంటాం, కానీ నేను చూసినవాళ్లలో చిరిగిందని వచ్చినవాళ్లలో చాలామంది వాడిన పద్ధతే తప్పు. ప్యాకెట్ మీద తేదీ చూడండి. పళ్లతో చింపొద్దు. పర్సులో నెలలకొద్దీ, బండి డిక్కీలో, లారీ క్యాబిన్లో ఎండకి పెట్టింది వాడొద్దు. అంగం పూర్తిగా గట్టిపడ్డాక, ఎక్కడా తగలకముందే తొడగాలి, మధ్యలో కాదు. కొనని రెండు వేళ్లతో నొక్కి గాలి తీసి అడుగుదాకా దింపాలి. అయిపోయాక మెత్తబడకముందే అడుగున పట్టుకుని బయటికి తీయాలి. రెండు కలిపి తొడిగితే ఇంకా తొందరగా చిరుగుతాయి. కొబ్బరి నూనె, వ్యాజలిన్ రాస్తే రబ్బరు నిమిషాల్లో పాడవుతుంది, జారుడు కావాలంటే మెడికల్ షాపులో నీటితో చేసిన జెల్ దొరుకుతుంది. 1968లో మొదలైన నిరోధ్ ఇప్పటికీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతుంది, ఆశా కార్యకర్త దగ్గర కూడా దొరుకుతుంది. హెర్పిస్, హెచ్‌పీవీ లాంటివి కండోమ్ కప్పని చర్మం నుంచి కూడా అంటొచ్చు, అది కూడా తెలుసుకుని ఉండండి.

రిస్క్ తరచూ ఉండేవాళ్లకి, భాగస్వామికి హెచ్ఐవీ ఉండి వైరల్ లోడ్ ఇంకా తగ్గనివాళ్లకి ప్రెప్ అని ముందే వేసుకునే ట్యాబ్లెట్ ఉంది, డాక్టర్‌ని అడిగి టెస్టులు చేయించుకునే మొదలుపెట్టాలి. హెపటైటిస్ బి టీకా పెద్దవాళ్లకి మూడు డోసులు, మొదటి రోజు, నెలకి, ఆరు నెలలకి. ఆ వైరస్ ఎండిన రక్తంలో కూడా వారం రోజులు బతుకుతుంది, అందుకే మంగలి షాపులో కొత్త బ్లేడు, జాతరలో పచ్చబొట్టు పొడిపించుకునేటప్పుడు కొత్త సూది అడగాలి. ఆడపిల్లలకి 9 నుంచి 14 ఏళ్ల లోపు హెచ్‌పీవీ టీకా వేయిస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడుతుంది.

కడుపుతో ఉంటే

మూడు నెలలలోపే హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి టెస్టులు చేయించుకోండి, ఏఎన్ఎం అక్క రాయకపోతే మీరే అడగండి, భర్తకి కూడా చేయించండి. తల్లికి హెచ్ఐవీ ఉండి మందు వాడకపోతే బిడ్డకి అది వచ్చే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా, తల్లి మందులు వాడితే అది 5 లోపుకి పడిపోతుంది. కాన్పు ఆసుపత్రిలోనే చేయించుకోండి, ముందే చెప్పి ఉంచండి. పుట్టగానే బిడ్డకి సిరప్ మొదలుపెడతారు, కనీసం ఆరు వారాలు పోయాలి. తల్లిపాలు ఇస్తే ఆరు నెలలు తల్లిపాలే, మధ్యలో పోత పాలు, తేనె, పంచదార నీళ్లు కలపొద్దు, అత్తగారు ఏమన్నా సరే. బిడ్డకి మొదటి టెస్ట్ ఆరు వారాలకి, తర్వాత ఆరో నెల, పన్నెండో నెల, చివరి టెస్ట్ 18వ నెల. బిడ్డ బొద్దుగా ఉందని, నడిచేస్తోందని ఆ చివరి టెస్ట్‌కి రాని తల్లులు చాలామంది, అందుకే ఆ తేదీ కూడా ఇప్పుడే లెక్కేసి క్యాలెండర్లో చుక్క పెట్టేయండి.